క్యూ తగ్గలేదు, ఇంటికి వచ్చింది

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి వెళ్ళాలంటే ఒకప్పుడు డబ్బులూ సెలవులూ ఉంటే సరిపోయేది. ఇప్పుడు వాటితో పాటు ఉదయం 7 గంటలకి అలారం, మంచి ఇంటర్నెట్, ఇంట్లో ఒక ప్రాజెక్ట్ మేనేజర్ కూడా కావాలి. ఎందుకంటే ఏ రైడ్ ఎన్ని గంటలకి ఎక్కాలో ఇంటి దగ్గర కూర్చునే బుక్ చేసుకోవాలి. "మంచిదే కదా, ఎండలో లైన్లో నిలబడే బాధ తప్పుతుంది" అని ఎవరికైనా అనిపిస్తుంది. నా వాదన వేరు. ముందస్తు రిజర్వేషన్ క్యూని తగ్గించదు. కొంత క్యూని పార్కులోంచి తీసి మన ఇంటికి, మన ఫోన్లోకి పంపిస్తుంది. మిగిలినదాన్ని బుక్ చేసుకోలేకపోయిన వాళ్ళ నెత్తిన పెడుతుంది. ఇంకో పని కూడా చేస్తుంది: సెలవుని సెలవులా ఉండనివ్వదు.

హాస్టల్లో కూర్చుని పెరుగన్నం తినేవాళ్ళకి ఫ్లోరిడా గొడవ ఎందుకు అంటారా? ఒకటి, మన క్లాసులో సగం మందికి అమెరికాలో ఒక అక్కో బాబాయో ఉన్నారు, వాళ్ళ దగ్గరికి వెళ్ళిన అమ్మమ్మలూ తాతయ్యలూ ఏదో ఒక వేసవిలో మిక్కీ మౌస్ పక్కన నిలబడి ఫోటో దిగుతూనే ఉన్నారు. రెండు, మనం క్యూలని సిలబస్‌లో చదివేవాళ్ళం. ఇంత పెద్ద క్యూ ప్రయోగం, ఇన్నేళ్ళ పాటు, ఇంతమంది మీద జరిగింది ఇంకెక్కడ దొరుకుతుంది?

కథ 1999లో మొదలవుతుంది. ఆ సంవత్సరం డిస్నీ వరల్డ్ ఫాస్ట్‌పాస్ అనే పద్ధతి తెచ్చింది. రైడ్ పక్కనే ఒక మెషీన్ ఉండేది. పార్కు టికెట్ అందులో పెడితే చిన్న కాగితం వచ్చేది, దాని మీద ఒక గంట వ్యవధి రాసి ఉండేది. ఉదాహరణకి 2:10 నుంచి 3:10 లోపు రమ్మని. ఆ టైమ్‌కి వస్తే వేరే చిన్న లైన్లోంచి పంపేవాళ్ళు. పైసా ఖర్చు లేదు. ఇంటిల్లిపాది టికెట్లూ జేబులో వేసుకుని ఒక నాన్న పార్కు ఆ మూలకి పరుగెత్తడం అప్పట్లో మామూలు దృశ్యం. టైమ్ దాటి వచ్చినా చాలా ఏళ్ళు చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు కూడా. 2012లో ఆ వెసులుబాటు ఆపేశారు.

ఆ పాత పద్ధతికీ లోపాలున్నాయి, వాటి దగ్గరికి వస్తాను. కానీ దానికి ఒక మంచి గుణం ఉంది. కాగితం కావాలంటే మనిషి పార్కులో ఉండాలి. ఆ రోజు ఎండ ఎలా ఉంది, పిల్లాడికి నిద్ర సరిపోయిందా, అమ్మమ్మ మోకాళ్ళు ఏమంటున్నాయి, ఇవన్నీ తెలిశాకే నిర్ణయం తీసుకుంటాం. ప్లాన్ ఆ రోజుది, ఆ రోజు కోసం.

2013లో వచ్చిన ఫాస్ట్‌పాస్ ప్లస్ ఈ గుణాన్నే తీసేసింది. కాగితం పోయి చేతికి మ్యాజిక్‌బ్యాండ్ వచ్చింది. లోపల చిన్న రేడియో చిప్, దాన్ని గేటు దగ్గర తాకిస్తే చాలు. ఈ మొత్తం వ్యవస్థకి దాదాపు 100 కోట్ల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో పత్రికలు రాశాయి. టెక్నాలజీగా చూస్తే అద్భుతం, నాకు అందులో ఏ అనుమానమూ లేదు. కానీ దాంతో పాటు వచ్చిన నియమం చూడండి. డిస్నీ హోటల్లో దిగేవాళ్ళు 60 రోజుల ముందు, బయట దిగేవాళ్ళు 30 రోజుల ముందు, రోజుకి మూడు రైడ్లు బుక్ చేసుకోవచ్చు. కొన్ని పార్కుల్లో రైడ్లని రెండు వర్గాలు చేశారు. పై వర్గంలో ఒకటే తీసుకోవాలి, మిగతా రెండూ కింది వర్గం నుంచి. 2017లో యానిమల్ కింగ్‌డమ్‌లో అవతార్ సినిమా మీద కట్టిన పండోరా తెరిచినప్పుడు అందులోని రెండు రైడ్లూ పై వర్గంలోనే పెట్టారు. అంటే రెండింటికోసం వెళ్ళినవాళ్ళు ఒకటి బుక్ చేసుకుని, రెండోదానికి లైన్లో నిలబడాల్సిందే.

అప్పట్లో రెస్టారెంట్ టేబుల్ 180 రోజుల ముందు బుక్ చేసుకునే వీలుండేది. ఆరు నెలలు! ఆరు నెలల తర్వాత ఒక గురువారం రాత్రి 7:40కి నాకు ఏం తినాలనిపిస్తుందో నాకెలా తెలుస్తుంది? మా మెస్‌లో రేపు పొద్దున ఏం పెడతారో వార్డెన్‌కే తెలియదు.

2020 మార్చిలో కోవిడ్‌తో పార్కులు మూసినప్పుడు ఫాస్ట్‌పాస్ ప్లస్ ఆగింది, మళ్ళీ రాలేదు. దాని బదులు 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ వచ్చింది. మొదట్లో మనిషికి రోజుకి 15 డాలర్లు, తర్వాత రద్దీని బట్టి ధర మారడం మొదలైంది. ఉచితంగా ఉన్నది డబ్బులకి అయింది. ఒక్క మేలు ఏమిటంటే బుకింగ్ అదే రోజు పొద్దున. కానీ పొద్దున అంటే 7 గంటలకి, సెలవులో ఉన్నవాళ్ళు, మంచం మీద, ఫోన్ పట్టుకుని. దీని మీద గోల ఎక్కువయ్యాక 2024 జూలైలో పేరు మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అన్నారు, ముందస్తు బుకింగ్ మళ్ళీ తెచ్చారు. డిస్నీ హోటల్ వాళ్ళకి 7 రోజుల ముందు, మిగతావాళ్ళకి 3 రోజుల ముందు. బాగా డిమాండ్ ఉన్న ఒకటి రెండు రైడ్లకి మళ్ళీ వేరే టికెట్, దాని పేరు సింగిల్ పాస్.

పాతికేళ్ళలో ఇన్ని పేర్లు మారాయి. వీటన్నిటి కింద ఉన్న లెక్క మాత్రం మారలేదు. ఆ లెక్క చేద్దాం, కాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఒక రైడ్ గంటకి 1,500 మందిని ఎక్కించగలదు అనుకుందాం. బుకింగ్ ఏమీ లేదు, అందరూ ఒకటే లైన్. మీ ముందు 300 మంది ఉన్నారు. 300 మందిని పంపడానికి 12 నిమిషాలు. ఇప్పుడు బుకింగ్ పెట్టాం. గంటకి 1,200 సీట్లు బుక్ చేసుకున్న వాళ్ళకి కేటాయించాం. మామూలు లైన్‌కి మిగిలింది గంటకి 300. మీ ముందు అదే 300 మంది. ఇప్పుడు పట్టేది 60 నిమిషాలు. రైడ్ వేగం మారలేదు, మీ ముందున్న తలలు మారలేదు. పన్నెండు నిమిషాలు గంట అయింది.

"కానీ బుక్ చేసుకున్న 1,200 మంది మామూలు లైన్లో లేరు కదా, ఆ లైన్ కూడా చిన్నదవ్వాలి కదా" అని మన ఆల్గరిథమ్స్ టాపర్ అడుగుతాడు. మంచి ప్రశ్న. అసలు కిటుకు ఇక్కడే ఉంది. బుక్ చేసుకున్నవాడు తన టైమ్ వచ్చేదాకా ఏం చేస్తాడు? హోటల్‌కి వెళ్ళి పడుకోడు, టికెట్ కొన్నాడు కాబట్టి. ఇంకో రైడ్ మామూలు లైన్లో నిలబడతాడు. అంటే అతని పేరు ఒక క్యూలో ఉంది, ఒళ్ళు ఇంకో క్యూలో ఉంది. బుకింగ్ లేని పార్కులో ఒక మనిషి ఒక టైమ్‌లో ఒక క్యూలోనే ఉండగలడు. బుకింగ్ ఉన్న పార్కులో రెండింట్లో ఉంటాడు. మనుషులు అంతే, సీట్లు అంతే, క్యూలో ఉన్న లెక్క మాత్రం పెరిగింది.

జాన్ లిటిల్ అనే ఆయన 1961లో నిరూపించిన సూత్రం మనకి ఎలాగూ సిలబస్‌లో వస్తుంది. క్యూలో సగటున ఉండే మనుషుల సంఖ్య, వాళ్ళు వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు గడిపే సగటు సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. అంతే. ఎంత సింపుల్‌గా ఉందో అంత మొండిది. యాప్‌కి ఎంత అందమైన యానిమేషన్ పెట్టినా ఈ గుణకారాన్ని తప్పించుకోలేం. గంటకి మొత్తం 30,000 సీట్లున్న పార్కులో పది గంటలకి 3 లక్షల సీట్లు. లోపల 40,000 మంది ఉంటే సగటున ఒక్కొక్కరికి ఏడున్నర రైడ్లు. బుకింగ్ పెట్టినా, తీసేసినా ఆ ఏడున్నర అక్కడే ఉంటుంది. ఎవడికి పన్నెండు, ఎవడికి నాలుగు అన్నదే మారుతుంది.

పూర్తి నిజం చెప్పాలంటే ఇంకో వాక్యం కలపాలి. కొన్ని రైడ్లలో సీట్లు ఖాళీగా తిరుగుతుంటాయి, అక్కడికి జనాన్ని పంపితే ఆ ఏడున్నర కొంచెం పెరుగుతుంది. బుకింగ్ ఆ పని చేయగలదు. అయితే ఖాళీగా ఉండే రైడ్లు ఉండటం వల్లే అలిసిపోయిన కుటుంబం నేరుగా నడుచుకుంటూ వెళ్ళి ఏసీలో పది నిమిషాలు కూర్చోగలిగేది. అక్కడ కూడా లైన్ పెడితే ఆ ఊపిరి పోతుంది. 2021లో డిఫంక్ట్‌ల్యాండ్ అనే యూట్యూబ్ చానెల్ ఫాస్ట్‌పాస్ చరిత్ర మీద గంటన్నర దాటిన డాక్యుమెంటరీ పెట్టింది. అందులో షేప్‌ల్యాండ్ అనే ఊహా పార్కుని కంప్యూటర్లో నడిపి చూపిస్తారు. బుకింగ్ పెట్టగానే మామూలు లైన్లు ఎలా ఉబ్బుతాయో కళ్ళకి కనిపిస్తుంది. మినీ ప్రాజెక్ట్ టాపిక్ దొరక్క లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అని రాసుకొచ్చే మిత్రులు ఒకసారి చూడండి. మనమే అలాంటిది రాయొచ్చు.

లెక్క అయింది. నాకు లెక్క కంటే ఎక్కువ పట్టింపు ఉన్నది ప్లానింగ్ విషయంలో.

బే ఏరియాలో ఉండే మా పిన్ని వాళ్ళు మొన్న జూన్‌లో ఆర్లాండో వెళ్ళారు. తెనాలి నుంచి వెళ్ళిన అమ్మమ్మ కూడా వాళ్ళతో ఉంది. బుకింగ్ తెరుచుకునేది ఫ్లోరిడా టైమ్ ఉదయం 7కి, అంటే పిన్నికి తెల్లవారుజామున 4, మనకి సాయంత్రం నాలుగున్నర. "నాన్నా, నీకు ల్యాబ్ అయిపోతుంది కదా, నువ్వు లాగిన్ అయి ఉండు, నేను కూడా లేస్తాను" అంది పిన్ని. అలా హాస్టల్ కారిడార్లో నిలబడి, వైఫై సిగ్నల్ వచ్చే కిటికీ దగ్గర, నేను ఎప్పుడూ చూడని పార్కులో ఎప్పుడూ ఎక్కని రైడ్లకి స్లాట్లు పట్టాను. పిన్ని పంపిన షీట్‌లో తొమ్మిది కాలమ్స్ ఉన్నాయి. రైడ్ పేరు, పార్కు, కావలసిన టైమ్, దొరక్కపోతే రెండో టైమ్, చెల్లి ఎత్తు సరిపోతుందా, అమ్మమ్మ కూర్చోగలదా, ఇలా. ఆఫీసులో రిలీజ్ ప్లాన్ ఇంత బాగా రాయదు అని బాబాయి జోకు.

వీడియో కాల్లో అమ్మమ్మ ఇదంతా విని, "మూడొందల టికెట్‌కి కూడా ఇంత హడావుడి ఉండదు కదరా, అక్కడ ఏ దేవుడున్నాడు?" అంది.

అమ్మమ్మ జోకులో విషయముంది. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందు ఆన్‌లైన్లో పెడతారు, అవి ఎంత త్వరగా అయిపోతాయో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. స్లాట్ కోసం రిఫ్రెష్ కొట్టడం మన జాతికి కొత్త కాదు. కానీ దర్శనానికి వెళ్ళేవాడికి ఒకటే గమ్యం. ఆ ఒక్క స్లాట్ దొరికితే మిగతా రోజంతా అతనిదే. కొండ మీద తిరుగుతాడు, పాపనాశనం వెళ్తాడు, చెట్టు కింద పులిహోర తింటాడు. థీమ్ పార్కులో రోజుకి మూడు, అవి అయ్యేకొద్దీ ఇంకోటి, ఇంకోటి. ఒక స్లాట్ వాడగానే తర్వాతది పట్టాలి. రోజంతా ఫోన్ చూస్తూ ఉండాలి.

షీట్ తయారు చేస్తున్నప్పుడే నాకు అర్థమైంది, ఈ నియమాలు కుటుంబం ఇష్టాలని వెనక్కి నెట్టి తామే ముందు కూర్చుంటాయని. ఒక ఉదాహరణ. డిస్నీ హోటల్ వాళ్ళు చెక్ ఇన్‌కి 7 రోజుల ముందు, తాము ఉండే రోజులన్నిటికీ ఒకేసారి బుక్ చేసుకోవచ్చు, 14 రోజుల దాకా. అంటే ఆరు రోజులు ఉండేవాడు తన ఆరో రోజుకి నిజానికి 12 రోజుల ముందే బుక్ చేస్తున్నాడు. ఆ రోజే చెక్ ఇన్ అయ్యేవాడికి ఇంకా తలుపు తెరుచుకోలేదు. అందుకే ఈ ఆట తెలిసినవాళ్ళు ఇచ్చే సలహా ఒకటే: అందరూ ఎగబడే రైడ్‌ని ట్రిప్ చివరి రోజులకి పెట్టు. పాప మొదటి రోజు నుంచి దేని గురించి కలవరిస్తోందో అది చివరి రోజు. ఎక్కువ రోజులు ఉన్నవాడికి ఎక్కువ లాభం. ఏ హోటల్లో దిగాలి, ఎన్ని రోజులు, ఏ పార్కు ఏ రోజు, ఇవన్నీ బుకింగ్ నియమాలే చెప్తాయి. రైడ్ కోసం స్లాట్ పోయి, స్లాట్ కోసం హోటల్ వచ్చింది.

పైగా స్లాట్ పెట్టుకున్నది మనం, వానకి ఆ సంగతి తెలియదు. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వానలు మామూలు, అప్పుడు ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. ఆ స్లాట్ బదులు ఇంకో రైడ్‌కి వాడుకోమని పాస్ ఇస్తారు, అది న్యాయమే. కానీ తొమ్మిది కాలమ్‌ల షీట్‌లో ఒక గడి కదిలితే మిగతావి కూడా కదులుతాయి. పేకమేడలో కింది ముక్క లాగినట్టు.

ఈ పని ఎవరి మీద పడుతుందో కూడా మనం మాట్లాడుకోవాలి. నేను చూసినంతలో ఇంటి ఆడవాళ్ళ మీద. పిన్ని ఉద్యోగం చేస్తుంది, ఇల్లు చూస్తుంది, ఆ పైన సెలవుని కూడా నడిపిస్తుంది. క్యూలో నిలబడటం అందరికీ సమానంగా పడే కష్టం. నలుగురూ కలిసి నిలబడతారు, మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు, అంత్యాక్షరి ఆడతారు. బుకింగ్ వచ్చాక ఆ నలుగురి కష్టం ఒక్కరి కష్టం అయింది, అదీ ఎవరికీ కనిపించకుండా. "ఏమీ వెయిట్ చేయకుండానే ఎక్కేశాం" అని తర్వాత అందరూ చెప్పుకుంటారు. వెయిట్ చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి ఒక మనిషి వెయిట్ చేసింది.

మరి షీట్ రాసే పిన్ని లేనివాళ్ళు? జీవితంలో ఒక్కసారి వెళ్ళేవాళ్ళు, ఇంగ్లిష్ యాప్ అంటే బెదిరేవాళ్ళు, ఏడు రోజుల ముందు తెరుచుకుంటుందనే విషయమే తెలియనివాళ్ళు? వాళ్ళు పొద్దున పదకొండుకి పిల్లల చెయ్యి పట్టుకుని వస్తారు. బోర్డు మీద 60 నిమిషాలు అని ఉంటుంది. ఎందుకు 60 అయిందో బోర్డు చెప్పదు. పక్క లైన్లోంచి జనం ఆగకుండా వెళ్ళిపోతుంటారు. ఓఎస్ క్లాసులో దీన్నే స్టార్వేషన్ అంటారు. ప్రయారిటీ ఎక్కువున్న ప్రాసెస్‌లు వస్తూనే ఉంటే తక్కువున్నది అలాగే పడి ఉంటుంది. మందు కూడా అదే చాప్టర్లో ఉంది: ఎంతసేపు ఆగితే అంత ప్రయారిటీ పెంచడం. మన ప్రాసెసర్ మీద చూపించిన జాలి మనుషుల మీద ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు. మామూలు లైన్లో గంట దాటినవాళ్ళని కాస్త ఎక్కువ సంఖ్యలో వదలడం సాఫ్ట్‌వేర్‌కి పెద్ద విషయమా?

డబ్బుల గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిన సంగతే. కానీ ఒక విడ్డూరం వదిలిపెట్టలేను. 2024 అక్టోబర్ చివర్లో డిస్నీ వరల్డ్ ప్రీమియర్ పాస్ అని ఒకటి తెచ్చింది. మొదట ప్రకటించిన ధర పార్కునీ రోజునీ బట్టి మనిషికి రోజుకి 129 నుంచి 449 డాలర్లు, పార్కు టికెట్ కాకుండా. పై ధర అయితే నలుగురికి 1,796 డాలర్లు, ఒక్క రోజుకి. ఇంత పెట్టి కొంటే ఏం వస్తుంది? లైట్నింగ్ లేన్ ఉన్న ప్రతి రైడ్ ఒక్కోసారి, స్లాట్ లేకుండా, నీకు నచ్చిన టైమ్‌లో. మళ్ళీ చదవండి. స్లాట్ లేకుండా. 1999కి ముందు టికెట్ కొన్న ప్రతివాడికీ ఉన్న హక్కు, ఇష్టం వచ్చినప్పుడు ఇష్టం వచ్చిన రైడ్ దగ్గరికి నడిచి వెళ్ళడం, అది ఇప్పుడు అన్నిటికంటే ఖరీదైన సరుకు. ముందు ప్లానింగ్ అనే పని మన చేతిలో పెట్టారు, తర్వాత ఆ పని నుంచి విముక్తిని మనకే అమ్ముతున్నారు. బిజినెస్‌గా మెచ్చుకోవాలి, వేరే దారి లేదు.

ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుందేమో గానీ, స్లాట్ బుకింగ్ కంటే నేరుగా డబ్బు తీసుకునే పద్ధతే నాకు కొంచెం నయమనిపిస్తుంది. యూనివర్సల్ ఆర్లాండోలో ఎక్స్‌ప్రెస్ పాస్ ఉంది, మన హైదరాబాద్ వండర్‌లాలో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది. ఎక్కువ కడితే చిన్న లైన్, స్లాట్ గొడవ లేదు. అన్యాయమే, డబ్బున్నవాడు ముందు వెళ్తాడు. కానీ అన్యాయం కళ్ళ ముందు కనిపిస్తుంది, దాని ధర కౌంటర్ మీద రాసి ఉంటుంది. స్లాట్ పద్ధతిలో డబ్బూ తీసుకుంటారు, సమయమూ తీసుకుంటారు, దొరక్కపోతే "ముందే చూసుకోవాల్సింది" అని నేరం మన మీదే పెడతారు.

ఎదుటివాదం బలమైనది ఒకటుంది, దానికి జవాబు చెప్పకుండా వెళ్ళిపోతే నిజాయితీ కాదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, గర్భిణులు, చంటిపిల్లల తల్లులు, వీళ్ళకి టైమ్ చెప్పి పిలిస్తే ఎంత మేలు! నిజం. జూన్ ఎండలో అమ్మమ్మని గంట నిలబెట్టమని నేను అనను. నా అభ్యంతరం టైమ్ చెప్పి పిలవడం మీద కాదు, దాన్ని వారాల ముందుకి జరపడం మీద, సీట్లలో ఎక్కువ భాగం దానికే ఇచ్చేయడం మీద. పార్కులోకి వచ్చాక, ఆ రోజు, ఉచితంగా, ఒకసారికి ఒక్క రైడ్‌కి పేరు నమోదు చేసుకుని నీడలో కూర్చునేలా పెట్టొచ్చు. బుకింగ్‌కి సగానికి మించి సీట్లు ఇవ్వం అని గీత గీయొచ్చు. మామూలు లైన్ బోర్డు మీద నిమిషాలతో పాటు ప్రస్తుతం ఎన్ని సీట్లు ఈ లైన్‌కి వెళ్తున్నాయో కూడా రాయొచ్చు. ఆ ఒక్క అంకె బయట పెడితే చాలు, మిగతా చర్చ జనమే చేస్తారు.

వారాల ముందుకి జరపడం ఎందుకు చెడ్డదో మన రైల్వేని చూస్తే తెలుస్తుంది. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువుని 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గించారు. చాలా ముందు తీసుకున్న టికెట్లు ఎక్కువ రద్దవుతున్నాయని, కొందరు రద్దు కూడా చేయకుండా రావడం మానేస్తున్నారని కారణం చెప్పారు. ఊరికి వెళ్ళడం లాంటి ఖాయమైన పనికే నాలుగు నెలల ముందు మాట ఇవ్వలేకపోతున్నాం. రైలుకి ముందస్తు బుకింగ్ తప్పదు, బెర్త్ లేకపోతే రాత్రంతా బాత్రూమ్ పక్కన కూర్చోవాలి. సరదాకి ఆ అవసరం ఏముంది?

ట్రిప్ ప్లాన్ చేసే బంధువులు ఎవరైనా మిమ్మల్ని, కంప్యూటర్ చదువుతున్నావు కదా అని, బుకింగ్‌కి పిలిస్తే వెళ్ళండి. నియమాలు ఉన్నంతకాలం ఆడక తప్పదు. నేనైతే రెండు మాటలు చెప్తాను. పార్కు తెరిచే ముందే గేటు దగ్గర ఉంటే మొదటి గంటలో లైన్లు చిన్నవిగా ఉంటాయి, ఏ యాప్ కంటే అది నమ్మకమైనది. రెండోది, మూడు స్లాట్లూ ఒక పూటలోనే పెట్టి రెండో పూట షీట్‌ని ఖాళీగా వదిలేయండి. పిన్నికి ఇదే చెప్తే ముందు ఒప్పుకోలేదు. "అంత దూరం వెళ్ళి ఖాళీగా ఉంటామా?" అంది. ఒక రోజుకి మాత్రం సరే అంది. ఆ రోజు గడిలో అమ్మమ్మ తన మాటగా రాయించింది: "కూర్చోవడం".

ఆరేళ్ళ పిల్లల్ని ఎక్కడైనా గమనించండి. నుమాయిష్‌లో అయినా, ఊరి తిరనాళ్ళలో చేత్తో తిప్పే రంగులరాట్నం దగ్గరైనా. దిగీ దిగగానే ఒకటే మాట అంటారు: "మళ్ళీ!" రంగులరాట్నం వాడికి ఇంకో ఇరవై ఇస్తే మళ్ళీ ఎక్కిస్తాడు. మల్టీ పాస్‌లో ఒకే రైడ్‌ని ఒకే రోజు రెండోసారి బుక్ చేయడం కుదరదు, షీట్ ప్రకారం తర్వాతి స్లాట్ పార్కు అవతలి చివర ఉంటుంది, ఇంకో పావుగంటలో.